డెబ్బై ఎనిమిదో ఇల్లు

అక్టోబరు మొదటి తేదీన శశికాంత్ చేతిలో ఉన్నవి ఇవి. ఆష్‌బ్రూక్‌లో మెయిన్ స్ట్రీట్ చివర ఒక ఇండియన్ గ్రోసరీ కొట్టు, దాని మీద ఇంకో నాలుగేళ్ళ లీజు. లక్షా పది వేల మైళ్ళు తిరిగిన వ్యాన్. వెనక గదిలో నూట నలభై బస్తాల సోనామసూరి. బ్యాంకులో మూడు నెలల ఖర్చుకి సరిపడా సొమ్ము. ముప్పై ఏళ్ళ కాపురంలో పదిహేనేళ్ళు పక్కన నిలబడి కొట్టు నడిపిన భార్య ఛాయాదేవి మార్చిలో పోయింది కాబట్టి ఆ వరసలో ఆమె లేదు.

ఆమె పోయిన ఆర్నెల్లలో లెక్కల్లో బాగుపడ్డది ఒక్కటే, తరుగు. కుళ్ళిన కూరగాయలు, చిరిగిన పిండి సంచులు, ఎటు పోయిందో తెలియని సరుకు, అన్నీ కలిపి శశికాంత్ తరుగు కింద రాసేవాడు. కొట్టు తెరిచిన పదిహేనేళ్ళలో అది ఎప్పుడూ మూడు శాతానికి తగ్గలేదు. ఇప్పుడు ఒకటికి దిగింది. ఎందుకు దిగిందో ఆలోచించలేదు. దిగింది, రాసుకున్నాడు.

ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే "బాగానే ఉంది" అనేవాడు, కొట్టు గురించి అడిగినట్టు. నిజానికి బాగా లేకపోవడం కూడా ఏమీ లేదు. పొద్దున లేచేవాడు, షట్టర్ ఎత్తేవాడు, శుక్రవారం కూరగాయల ట్రక్కు వస్తే బెండకాయలు విరిచి చూసేవాడు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది.

ఊళ్ళో తెలుగు ఇళ్ళు తొంభై దాకా ఉంటాయి. డెట్రాయిట్ శివారు నోవైలో ఇళ్ళ ధరలు పెరిగాక, అక్కడి కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు అరగంట ఎక్కువ డ్రైవ్ చేసినా ఫర్వాలేదని పడమరగా వచ్చి ఇక్కడ కొనుక్కున్నారు. కౌంటర్‌లో కూర్చునే జయంతి, ఆమె భర్త రాకేష్ కూడా అలా వచ్చినవాళ్ళే. ఆ అక్టోబరులోనే ఆమెకి కీమో మొదలైంది. మూడు వారాలకొకటి, మొత్తం పన్నెండు. ఊళ్ళో హాస్పిటల్ ఉంది గానీ అందులో కీమో ఎక్కించే గది లేదు. డెట్రాయిట్ వెళ్ళాలి. పోను యాభై రెండు మైళ్ళు, రాను యాభై రెండు.

"అన్నయ్యగారూ, రెండోదానికి డేట్ ఇచ్చారు. మంగళవారం," అంది జయంతి, బిల్లింగ్ మెషీన్‌లో కాగితం చుట్ట మారుస్తూ.

"మంగళవారం బేరాలుండవు. నేను తీసుకెళ్తాను."

"మీకెందుకండీ శ్రమ. రాకేష్ లీవ్ పెడతానంటున్నారు."

"అతనికి ఎన్ని మిగిలాయి?"

"రెండు రోజులు."

"అవి దాచుకోమను."

శశికాంత్‌కి ఆ రోడ్డు తెలుసు. ఛాయాదేవిని ముప్పై ఒక్క సార్లు తీసుకెళ్ళాడు. అదే ఎగ్జిట్, అదే పార్కింగ్ గరాజ్, అదే మూడో అంతస్తు. తిరుగు ప్రయాణంలో జయంతికి వాంతి వచ్చింది. రోడ్డు అంచున షోల్డర్ మీద వ్యాన్ ఆపి, హజార్డ్ లైట్లు వేసి, కొట్టు పేరున్న ప్లాస్టిక్ సంచీ ఒకటి, నీళ్ళ సీసా ఒకటి అందించాడు. ఇల్లు చేరేలోపు రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. ఛాయాదేవికైతే మూడుసార్లు. అతనికి తోచింది అంతే. నవంబరు ట్రిప్పుకి మంచు పడి ఫ్రీవే మీద ట్రక్కు అడ్డం తిరిగింది. సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చారు. ఆ వారం మందు తప్పింది.

హాస్పిటల్ ఫౌండేషన్ నడిపే మార్జీ అనే ఆవిడ కొట్టుకి వచ్చి ఉసిరికాయ పచ్చడి కొనుక్కుపోతుండేది. ఊళ్ళో దాతల దగ్గర డబ్బు పోగుచేసి హాస్పిటల్‌కి కావలసినవి కొనిపెట్టడం ఆవిడ పని. ఈసారి పట్టుకున్నది కీమో గదే. నాలుగు కుర్చీలు, పంపులు, మందు కలిపే చిన్న ల్యాబ్. మూడు లక్షల డాలర్లు. స్ప్రింగుల ఫ్యాక్టరీ అమ్ముకున్న ఒక ముసలాయన సగం ఇస్తానన్నాడు. మూడు షరతులు పెట్టాడు. మిగతా లక్షా యాభై వేలూ ఊరు వెయ్యాలి. కనీసం నాలుగు వందల ఇళ్ళు వెయ్యాలి. డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటికి ముందు వెయ్యాలి. పదిమంది డబ్బున్నవాళ్ళు కట్టింది ఊరి గది కాదని ఆయన పట్టు.

నవంబరు ఆఖరున మార్జీ కౌంటర్ మీద చేతులు ఆనించి లెక్క చెప్పింది. "లక్షా పద్ధెనిమిది వేలు వచ్చాయి షాషీ. మూడు వందల ఇరవై రెండు ఇళ్ళు. ఇంకా ముప్పై రెండు వేలు కావాలి. డెబ్బై ఎనిమిది ఇళ్ళు కావాలి. మీవాళ్ళకి నేనిచ్చిన కార్డులు ఏమయ్యాయి?"

కార్డులు అక్టోబరు నుంచి ప్రతి సంచీలోనూ పడుతూనే ఉన్నాయి. మీరెంత ఇస్తారో రాసి పోస్ట్‌లో వెయ్యండి అని ఉంటుంది వాటి మీద. తెలుగు ఇళ్ళ నుంచి తిరిగి వచ్చినవి మూడు.

"కార్డు గుట్టుగా రాసేది," అన్నాడు శశికాంత్. "మావాళ్ళు గుట్టుగా ఇవ్వరు. పేరు చదవాలి, పక్కవాడు వినాలి. ఒక శనివారం హాల్ ఇప్పించండి, భోజనం నాది."

ఆ గది వస్తే జయంతికి వసంతం నుంచి మందు ఇక్కడే ఎక్కుతుంది. రాకపోతే ఆ రోడ్డే. అతను దాన్ని సరుకు ఆర్డర్ వేసినంత మామూలుగా ఆలోచించాడు. కావలసింది ఇంత, ఉన్నది ఇంత, దొరికేచోటు ఇది.

తెలుగు అసోసియేషన్ పెద్ద విశ్వనాథంగారు రిటైరైన ఇంజనీరు. ఊళ్ళో ఏ ఫంక్షన్‌కైనా మైకు ఆయనదే. ఫోన్ చేస్తే విని నవ్వాడు.

"చదివింపులా? హాస్పిటల్‌కా? పెళ్ళికొడుకెవడోయ్ శశీ?"

"నాలుగు కుర్చీలండీ."

"అయితే నాలుగు పెళ్ళిళ్ళ భోజనం పెట్టాలి నువ్వు. సరే, వాట్సాప్‌లో నేను పెడతాలే."

డిసెంబరు రెండో శనివారం మిడిల్ స్కూల్ కెఫెటీరియాలో జరిగింది. గుత్తివంకాయ, పులిహోర, చక్రపొంగలి. విశ్వనాథంగారు మైకు పట్టుకుని, కవర్ మీద రాసిన పేరూ అంకే గొంతెత్తి చదివాడు. "దివాకర్, మనీషా దంపతులు, ఛాయాదేవిగారి పేరున, వెయ్యిన్నూట పదహార్లు!" చప్పట్లు. "మానవ్ కుటుంబం, ఛాయాదేవిగారి పేరున, నూట పదహార్లు!" చప్పట్లు కొంచెం తగ్గాయి. ఆ మానవ్ అయిదు నిమిషాల్లో టేబుల్ దగ్గరికి వచ్చి, "అంకుల్, ఆ కవర్ ఇటివ్వండి, వేరేది రాసుకొస్తాను," అని అయిదు వందల పదహార్లకి మార్చి తెచ్చాడు.

టేబుల్ వెనక శశికాంత్ నోట్‌బుక్‌లో అంకెలు రాసుకుంటున్నాడు. ఎనభై ఒక్కసార్లు ఛాయాదేవి పేరు వినపడింది. కౌంటర్‌లో బార్‌కోడ్ మెషీన్ కూసినట్టే చెవిన పడి పోయింది. ఒక్కొక్క కవరూ తీసుకుని ఖాళీ బియ్యం సంచీలో వేశాడు. పదిహేనేళ్ళ వ్యాపారంలో చెక్కు విప్పి చూడకుండా పుచ్చుకోవడం అతనికి అదే మొదలు. నోట్‌బుక్‌లో మొత్తం ముప్పై రెండు వేల ఆరు వందల తొంభై ఆరు. ఎనభై ఒక్క ఇళ్ళు. మార్జీ అతని చెయ్యి పట్టుకుని ఊపింది. అతను సంచీ మూతి కట్టాడు.

సోమవారం మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఇద్దరూ కవర్లు చింపడానికి కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, ఈ చెక్కు మీ పేరున ఉంది," అంది జయంతి.

"పొరపాటున రాసుంటారు. పక్కన పెట్టు."

"ఇదీ మీ పేరే. ఇదీ." ఇంకో నాలుగు చింపింది. "మీరొకసారి చూడండి."

ఎనభై ఒకటిలో అరవై మూడు శశికాంత్ పేరున ఉన్నాయి. ఫౌండేషన్ పేరున ఉన్నవి పద్ధెనిమిది. అతను విశ్వనాథంగారికి ఫోన్ చేశాడు.

"మెసేజ్‌లో ఏమని పెట్టారండీ?"

"'ఛాయాదేవిగారి జ్ఞాపకార్థం, శశికాంత్‌గారి చదివింపులు' అని. ఏం, అందులో తప్పుందా?"

"చెక్కు ఎవరి పేరున రాయాలో పెట్టలేదు."

"చదివింపులకి అది కూడా చెప్పాలటోయ్? ఎవరి చేతిలో పెడితే వాళ్ళ పేరే కదా. పైగా ఉగాదికీ, పిక్నిక్‌కీ పదిహేనేళ్ళుగా అందరూ చెక్కులు రాస్తున్నది నీకే."

అదీ నిజమే. తప్పు ఎవరిదని వెతికితే, విప్పి చూడనివాడిది. శశికాంత్ మార్జీ దగ్గరికి వెళ్ళాడు. అన్నీ తన ఖాతాలో వేసుకుని ఒకే చెక్కు ఇస్తే సరిపోతుందా అని అడిగాడు.

"డబ్బు సరిపోతుంది. కానీ అది ఒక్క ఇల్లే," అంది మార్జీ. "కొట్టు ఖాతా నుంచి ఇస్తే అది కూడా కాదు. కొట్టు ఇల్లు కాదని ముసలాయన ఉత్తరంలో రాశాడు."

పదిహేను రోజులు. స్కూలు సెలవులని సగం మంది ఆ వారంలోనే ఇండియా విమానం ఎక్కుతారు. ఫోన్ చేసి ఆన్‌లైన్‌లో కట్టమంటే సరేనంటారు. సరేనన్నవాళ్ళలో ఎంతమంది కడతారో వ్యాపారికి తెలుసు. పైగా చేత్తో రాసిచ్చిన మొదటి చెక్కు కళ్ళెదుట చింపకుండా రెండో చెక్కు ఎవరూ రాయరు. కాబట్టి వెళ్ళాలి. అరవై మూడు గుమ్మాలు. మధ్యాహ్నాలు కొట్టు జయంతికి వదిలి వ్యాన్ తీశాడు.

మొదట విమానం ఎక్కేవాళ్ళ ఇళ్ళు. సూట్‌కేసులు తూకం వేస్తూ ఒకరు, పాస్‌పోర్టులు వెతుక్కుంటూ ఒకరు, గుమ్మంలో నిలబడే చెక్కు రాసిచ్చారు. ఎయిర్‌పోర్టుకి బయలుదేరిన కారుని మలుపులో ఆపి, బానెట్ మీద పెట్టి రాయించుకున్నది ఒకటి. వెళ్ళిపోయినవాళ్ళకి వాట్సాప్‌లో లింక్ పంపి, డబ్బు పడేదాకా పొద్దునొకసారీ సాయంత్రమొకసారీ ఫోన్ చేశాడు. మానవ్ బెంగళూరు నుంచి కడుతూ, "అంకుల్, మీరు క్రెడిట్ కార్డ్ వాళ్ళకన్నా గట్టిగా ఉన్నారు," అన్నాడు.

దివాకర్ ఇంటికి క్రిస్మస్‌కి ముందురోజు వెళ్ళాడు. కరీంనగర్ మనిషి, పార్ట్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్. పాత చెక్కు చింపి, కొత్తది రాసి ఇచ్చాడు. మనీషా టీ తెచ్చింది.

"వెయ్యిన్నూట పదహార్లు ఎక్కువ కదా దివాకర్. అయిదు వందలు రాసినా నా లెక్క సరిపోయేది," అన్నాడు శశికాంత్. నిజానికి సరిపోయేది కాదు. మర్యాదకి అన్నాడు.

"ఎక్కువేంది అన్నా. నాకు లేఆఫ్ అయినప్పుడు అరవై రోజుల్ల ఇంకో జాబ్ దొరకకపోతే వీసా పోయి పెట్టె సర్దుకునుడే కదా. రెండు నెలలు వదిన బియ్యం, పప్పు, నూనె తెచ్చి మా కార్‌ల పెట్టింది. బిల్లు అడిగితే, మీ అన్న తరుగు కింద రాసుకుంటరులే అన్నది. నీకు చెప్పలే?"

"ఏ నెలలు?"

"ఫిబ్రవరి, మార్చి. పోయినేడు కాదు, ఆ ముందటేడు."

దివాకర్ కూతురు ప్రణవికి ఎనిమిదేళ్ళు. సోఫా వెనక నుంచి తల ఎత్తింది. "ఆంటీ నాకు జామకాయ ఇస్తుంది, ఎవ్రీ టైమ్. డోంట్ టెల్ అంకుల్ అని చెప్పింది."

"అయితే ఇప్పుడు చెప్పేసినవ్ కదనే," అంది మనీషా. "అంకుల్ బిల్లు వేస్తరు చూడు."

శశికాంత్ టీ తాగి బయటికి వచ్చాడు. వ్యాన్‌లో హీటర్ వెయ్యకుండా కాసేపు కూర్చున్నాడు. ఆ ఫిబ్రవరి, మార్చి తరుగు నాలుగున్నర శాతం. చిరిగిన బస్తాలు అంటగడుతున్నాడని షికాగో డిస్ట్రిబ్యూటర్‌తో ఫోన్‌లో గొడవపడ్డాడు. అప్పుడు ఛాయాదేవి పక్కనే ఉంది, కొత్తిమీర కట్టలు కడుతూ. "పోనిద్దురూ, ఆయన్ని అని ఏం లాభం," అంది. ఆ మాట గుర్తొచ్చింది. ఏడుపు రాలేదు. డిస్ట్రిబ్యూటర్‌కి ఒక క్షమాపణ బాకీ ఉందని తోచింది. వ్యాన్ స్టార్ట్ చేశాడు.

ఆ తర్వాత గుమ్మాల్లో అడగకుండానే వినపడసాగింది. ఒకరికి పురుడు వచ్చినప్పుడు నెలరోజులు సొరకాయలు, మునక్కాడలు. ఒకరి తండ్రి ఇండియాలో పోతే, వెళ్ళలేక ఇక్కడే పదకొండో రోజు చేసుకున్నప్పుడు కావలసిన సామానంతా. ఒక పెళ్ళికాని కుర్రవాడికి, జ్వరంలో, డబ్బాలో చారు. డబ్బా ఇంకా తన దగ్గరే ఉందని తెచ్చి ఇచ్చాడు. శశికాంత్ ప్రతిచోటా ఏ నెల అని మాత్రం అడిగేవాడు. వాళ్ళు వింతగా చూసి చెప్పేవారు. అతను ఇంటికి పోయి పాత పుస్తకాలు తీసి చూసేవాడు. ప్రతిసారీ అంకె సరిపోయేది.

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం రెండింటికి కొట్టులో లెక్క కట్టాడు. అరవై మూడులో యాభై తొమ్మిది మారాయి. ఇండియా వెళ్ళిన ఇద్దరు ఫోన్ ఎత్తలేదు. ఒకరు జార్జియాలో కమ్మింగ్‌కి మారిపోయారు, నంబర్ కూడా మారింది. వేదాంత్ అనే అతను వెయ్యిన్నూట పదహార్ల పాత చెక్కు తీసుకుని, "ఆన్‌లైన్‌లో కట్టేస్తాను సార్, డోంట్ వర్రీ," అన్నాడు. కట్టలేదు. మైకులో చదివించుకున్న చప్పట్లు మాత్రం అతనికి మిగిలాయి.

డెబ్బై ఏడు ఇళ్ళు. ముప్పై వేల ఎనిమిది వందల ముప్పై రెండు డాలర్లు. ఒక ఇల్లు తక్కువ, పదకొండు వందల అరవై ఎనిమిది తక్కువ.

"ఇంకెవరున్నారు?" అన్నాడు శశికాంత్ జాబితా తిరగేస్తూ. "మీరిచ్చారు. విశ్వనాథంగారు ఇచ్చారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనకి తెలిసినవాళ్ళు..."

"ఊరి బయటివాళ్ళు లెక్కకి రారు కదా." జయంతి తలకి కట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుంది. "మీ ఇల్లో?"

"నేను భోజనం పెట్టాను. పంతొమ్మిది వందలు అయింది."

"అది కొట్టు పెట్టింది అన్నయ్యగారూ. మీ ఇల్లు ఏం పెట్టలేదు."

అతను కోటు తొడుక్కున్నాడు.

కొట్టు చెక్కులు అతను రాసేవాడు. ఇంటి చెక్కులు ఛాయాదేవి రాసేది. ఆమె పోయాక ఇంటి బిల్లులు ఫోన్‌లోనే కడుతున్నాడు. ఆ చెక్కుబుక్కు వంటింటి సొరుగులో, రబ్బరు బ్యాండు వేసి, పెట్టిన చోటే ఉంది. విప్పాడు. చెక్కు మీద రెండు పేర్లూ అచ్చయి ఉన్నాయి. ముందు అతనిది, కింద ఆమెది. ఆఖరి కౌంటర్‌ఫాయిల్ ఫిబ్రవరిది, నంబరు పది నలభై ఒకటి. గరాజ్ తలుపు స్ప్రింగు, నూట ఎనభై డాలర్లు. పక్కన చిన్న అక్షరాల్లో, "రెండొందలన్నాడు, ఇరవై తగ్గించా."

వంటింటి బల్ల మీద చెక్కు పెట్టి, అలవాటు ప్రకారం వెయ్యిన్నూట పదహార్లు రాశాడు. రాశాక లెక్క గుర్తొచ్చింది. యాభై రెండు తక్కువ. ఆ చెక్కు చింపి, తర్వాతదాని మీద పదకొండు వందల అరవై ఎనిమిది రాశాడు. కౌంటర్‌ఫాయిల్ మీద రాయబోయి ఆగాడు. ఇక్కడిదాకా ఉన్న రాత అంతా ఆమెది. కాసేపటికి, "హాస్పిటల్ గది. తగ్గించలేదు," అని రాశాడు.

ఫౌండేషన్ ఆఫీస్‌కి నాలుగుంబావుకి చేరాడు. బూట్ల మంచు చాప మీద కరిగింది. మార్జీ క్యాలిక్యులేటర్ మీద రెండుసార్లు కూడింది.

"నాలుగు వందల ఇళ్ళు. లక్షా యాభై వేలు. ఒక్క డాలరు ఎక్కువ లేదు షాషీ."

"ఎక్కువ ఎందుకు?"

ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. అతను ఆవిడ కన్నీళ్ళని కిటికీలోంచి మంచుని చూసినట్టు చూశాడు. "దాతల జాబితాలో పేరు ఎలా రాయమంటావు?" అంది.

"చెక్కు మీద ఉన్నట్టే," అన్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో గది తెరిచారు. జయంతి పదో మందుకి అతనే తీసుకెళ్ళాడు. పదకొండు నిమిషాలు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆమె ఫోన్‌లో సీరియల్ చూసుకుంది. అతను గదంతా ఒకసారి తిరిగి, కుర్చీల తోలు నొక్కి చూసి, కుట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూశాడు. తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఆపాల్సిన పని పడలేదు. వాంతి వచ్చేలోపే ఇల్లు వచ్చింది.

మే నెలలో ఒక అమ్మాయి బుట్టలో సరుకులు వేసి, మళ్ళీ సగం తీసి అరల్లో పెట్టేస్తుంటే కనపడింది. ఉద్యోగం పోయిందని జయంతి మెల్లగా చెప్పింది. శశికాంత్ వెనక గదిలోకి వెళ్ళి, బియ్యం బస్తా ఒకటి భుజానికెత్తుకుని వెళ్ళి ఆ అమ్మాయి కార్ డిక్కీలో పెట్టాడు. బిల్లు ఎంతని ఆమె అడిగింది. "చిరిగిన బస్తా అమ్మా, అమ్మకానికి పనికిరాదు," అన్నాడు. జయంతి కౌంటర్ వెనక నుంచి బస్తా వంక చూసింది. ఎక్కడా చిరగలేదు.

జూన్ ఆఖరున పన్నెండూ పూర్తయ్యాక శశికాంత్ లెక్క కట్టాడు. ఊరికి నాలుగు కుర్చీలు. జయంతికి ఆఖరి మూడు మందులకీ, ట్రిప్పుకి నూట నాలుగు మైళ్ళ బదులు ఎనిమిది, మొత్తం మిగిలినవి రెండు వందల ఎనభై ఎనిమిది మైళ్ళు. ఛాయాదేవి తిరిగినవి మూడు వేల రెండు వందల ఇరవై నాలుగు. వాటికి ఎదురుగా రాయడానికి ఏమీ దొరక్క ఆ గడి ఖాళీగా వదిలేశాడు. తరుగు మూడు శాతం.